వంటింటి గోడ మీద అమ్మ గొంతు

"బీరువాలో ఊరికే పడుండాది గదా రాజీ, వంటింట్లో తగిలిస్తే ఇంట్లో అందరికీ పనికొస్తాది" అన్నారు మా ఆయన. శనివారం ఉదయం. నేను దోసెపెనానికి ఉల్లిపాయ ముక్కతో నూనె రాస్తున్నాను. ఆయన చేతిలో అమ్మ ట్యాబ్ ఉంది. దాని చుట్టూ నేను చుట్టి పెట్టిన అమ్మ తువ్వాలు ఆయన భుజం మీద ఉంది. నేను ముందు తువ్వాలునే చూశాను. దాంతో చెయ్యి తుడుచుకుంటారేమోనని భయం వేసింది. పెనం మీంచి పొగలు రావడంతో అటు తిరిగాను. ఆయన దాన్ని ఒప్పుకోవడం కింద తీసుకున్నారు. నేను మాట్లాడకపోవడాన్ని మా ఇంట్లో పెళ్ళయిన నాటి నుంచీ ఒప్పుకోవడం అనే అంటున్నారు.

ఆ ట్యాబ్ నేను అమ్మకు కొనిచ్చింది. అమ్మ వాషర్‌మెన్‌పేట్‌లో మా తమ్ముడు ప్రదీప్ దగ్గర ఉండేది. పెరంబూర్‌లోని మా ఫ్లాట్ నుంచి అదేమంత దూరం కాదు. కానీ పుట్టిల్లు దగ్గరున్న ఆడదానికే కారణాలు ఎక్కువ కావాలి. దూరమైతే సెలవులకు పంపుతారు. దగ్గరైతే "ఎప్పుడైనా పోవచ్చు గదా" అంటారు. ఆ ఎప్పుడైనా అనేది ఏ వారంలోనూ రాదు. ఊపిరి ఆడక అమ్మ మంచం దిగలేని స్థితికి వచ్చాక, రోజూ మొహమైనా చూసుకుందామని అది కొన్నాను. చిక్కేమిటంటే, నేను గుర్తొచ్చినప్పుడల్లా అమ్మ ఫోన్ కొట్టేసేది. బడిలో నేను తొమ్మిదో తరగతికి తెలుగు పాఠం చెబుతుంటే బల్ల మీద ఫోన్ వణికేది. అప్పుడు మా అమ్మాయి అనఘ ఒక ఉపాయం చేసింది. ట్యాబ్‌లో బడి ఉన్న రోజులకు సాయంత్రం నాలుగున్నరకు అలారం పెట్టి, గంట మోతకు బదులు అమ్మ గొంతునే రికార్డు చేసింది. "నీకు నువ్వే చెప్పుకో అవ్వా, అప్పుడైనా వింటావు" అంది. అమ్మ పైట సర్దుకుని, గొంతు సవరించుకుని, నలుగురిలో మాట్లాడుతున్నట్టు చెప్పింది. "అమ్ములు ఇప్పుడే ఇంటికొచ్చుంటాది. అప్పుడే ఫోన్ చెయ్యొద్దు. కూర్చోని కాపీ తాగనీ."

అమ్ములు అంటే నేనే. బడి రిజిస్టర్లో, ఆధార్ కార్డులో రాజలక్ష్మిని. అమ్ములు అని పిలిచింది అమ్మ ఒక్కతే.

మాటలు నేర్పి జీతం తీసుకునేదాన్ని కాబట్టి ఆ మూడు వాక్యాలనూ నేను చాలాసార్లు విడదీసి చూసుకున్నాను. వాటిలో అమ్మ తన కోసం అడిగింది ఏదీ లేదు. అలారం మోగాక ఇంకాసేపు ఆగి ఫోన్ చేసేది. "కూర్చున్నావా? కాపీ తాగినావా?" అనేది. తాగానమ్మా అనేదాన్ని. అప్పుడు నేను పొయ్యి దగ్గర నిలబడి, అత్తమ్మకు చక్కెర లేకుండా, ఆయనకు చిక్కగా, అనఘకు పాలు ఎక్కువగా కలుపుతూ ఉండేదాన్ని. వెనకాల పొయ్యి కనబడకుండా ఫోన్‌ను గ్రైండర్‌కు ఆనించి పెట్టేదాన్ని. అమ్మకు నా మొహం, నా వెనకాల తెల్లగోడ కనిపించేవి. హాల్లో కూర్చున్నాననే అనుకునేది.

ఎండాకాలం సెలవులకు ముందు అమ్మ పోయింది. "పెళ్ళయిన ఆడపిల్లకు మూడు రోజులే మైల" అన్నారు అత్తమ్మ. శాస్త్రం అదేనట. మామగారు పోయినప్పుడు పది రోజులు పాటించాను, అది కూడా శాస్త్రమే. నాలుగో రోజు తలస్నానం చేసి వచ్చి ఇడ్లీకి పప్పు నానబోశాను. పదో రోజు కార్యం అయ్యాక ప్రదీప్ ట్యాబ్ తెచ్చి నా చేతిలో పెట్టాడు. "నువ్వు కొనిచ్చిందే గదా అక్కా, నువ్వే పెట్టుకో. నాకు అది మోగితే ఇంట్లో ఉండబుద్ది కావట్లే" అన్నాడు. తెచ్చి తువ్వాలులో చుట్టి బీరువాలో నా చీరల కింద పెట్టాను. అలారం తీసెయ్యలేదు. ఛార్జింగ్ అయిపోకుండా చూసుకునేదాన్ని. బడి నుంచి వచ్చి చీర మార్చుకునే నెపంతో బీరువా దగ్గర నిలబడితే, మడతల్లోంచి అమ్మ గొంతు పక్కింట్లోంచి వినబడినంత సన్నగా వచ్చేది. అంతవరకే. ఆపేసి వంటింట్లోకి వెళ్ళేదాన్ని. ఆ శబ్దం ఏమిటా అని వెతికే ఆయన బీరువా తెరిచారు.

ఆ సాయంత్రమే మా ఆయన సౌకార్‌పేట వెళ్ళి గోడకు బిగించే స్టాండు తెచ్చారు. మా అపార్ట్‌మెంట్‌లో చిన్న చిన్న పనులకు వచ్చే ఆనందన్ డ్రిల్లింగ్ మెషీన్‌తో వచ్చాడు. పొయ్యికి, కిటికీకి మధ్య గోడ. "అక్కా దానే సమైక్కిరాంగ సార్, అక్కా హైట్‌కే వెచ్చిడట్టా?" అని తమిళంలో అడిగాడు, వంట చేసేది అక్క కదా, ఆమె ఎత్తుకే పెట్టనా అని. "అందరూ చూడాల గదా ఆనందన్. కామన్ హైట్ పెట్టు" అని మా ఆయన తన కళ్ళకు సూటిగా గోడ మీద వేలు పెట్టి చూపించారు. నేను ఆయన భుజం దాకా వస్తాను. అత్తమ్మ నాకంటే పొట్టి. ఆ కామన్ హైట్ ఇంట్లో ఆయన ఒక్కరికే సరిపోయింది.

స్టాండు బిగించాక అత్తమ్మ గడపలో నిలబడ్డారు. "సావింటి నుంచి వచ్చిన సామాను. అట్టనే వంటింట్లో పెట్టేస్తారా?" అన్నారు.

"అమ్మా, అది కరెంటు సామాను. దానికేం మైల?"

"మనిషి పట్టుకున్నది గదరా, మంచంలో పక్కన పెట్టుకోని పండుకున్నది." ఆయన స్క్రూడ్రైవర్ కోసం వంగి లేచేలోగా ఆవిడ చిన్న చెంబులో పసుపు నీళ్ళు తెచ్చి, మామిడాకు ముంచి ట్యాబ్ మీద మూడుసార్లు చల్లేశారు. ఆయన "అయ్యయ్యో" అంటూ లాక్కుని చొక్కాతో తుడిచారు. అద్దం బాగానే ఉంది. కింద గొంతు వచ్చే సన్న బెజ్జాల్లోకి మాత్రం నీళ్ళు దిగాయి. అత్తమ్మ వదలకుండా అంచున కుంకుమ బొట్టు కూడా పెట్టారు. ఆ రోజు నుంచి దాని గొంతు బొంగురుపోయింది. ఆస్పత్రిలో చివరి వారం అమ్మ మాట్లాడినట్టే ఉంటుంది ఇప్పుడు. ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు.

తెరవడానికి పిన్ అడిగితే నేను అడ్డంగా నిలబడి నొక్కాను. ఆయన తన అకౌంటు ఎక్కించి, ఇక ఎప్పుడూ తాళం పడకుండా సెట్ చేశారు. తర్వాత అందరినీ పిలిచి ఫ్యామిలీ క్యాలెండర్ చూపించారు. ఆయన మీటింగులు నీలం. అనఘ ట్యూషన్లు, పరీక్షలు పచ్చ. అత్తమ్మ మాత్రలు, ఏకాదశులు, టీవీలో ప్రవచనాలు పసుపు. పాలు, గ్యాస్, కిరాణా, టిఫిన్, పనిమనిషి రాని రోజులు ఎరుపు.

"అమ్మది ఏ కలర్ నాన్నా?" అంది అనఘ.

"అమ్మదంతా కిచెన్ కిందే వస్తాది గదా" అన్నారు ఆయన. వెటకారంగా కాదు. లెక్క సరిగ్గా కుదిరిన మనిషి సంతోషంతో అన్నారు. నా పదో తరగతి స్పెషల్ క్లాసులు, పేపర్లు దిద్దే వారం, ప్రతి నెలా అమ్మ మాసికం, వీటిలో ఏదీ ఏ రంగులోనూ లేదు.

ఆ తర్వాత గోడ మాట్లాడడం మొదలుపెట్టింది. ఆయన ఇంటి నుంచే పని చేస్తారు. వంటింటికి, ఆయన గదికి మధ్య ఒక తలుపు. ఇదివరకు కాఫీ కావాలంటే లేచి వచ్చి అడిగేవారు. ఆ నాలుగు అడుగుల్లో నేను ఏం చేస్తున్నానో కళ్ళకు కనబడేది. ఇప్పుడు గోడ మీద "కాఫీ" అని పడేది. "కొంచెం తొందరగా" అని ఇంకొకటి. నా చేతులు పిండిలో ఉన్నా, వేడి మూకుడు పట్టుకుని ఉన్నా దానికి తెలియదు. చూడాలంటే నేను తల పైకెత్తాలి. బోర్డు వైపు చూసే పిల్లల మెడలు ఎందుకు నొప్పి పుడతాయో ఇన్నేళ్ళకు అర్థమైంది.

సోమవారం బడి నుంచి వచ్చి చెప్పులు విడుస్తుండగా అత్తమ్మ లోపల్నుంచి "పాలు కాచి పెట్టుండా. డికాషన్ నువ్వే కలుపు. నీ చేతి కాపీ అయితేనే వాడికి పడతాది" అన్నారు. సంచీ దించి నేరుగా పొయ్యి దగ్గరికి వెళ్ళాను. అప్పుడు గోడ మీద అమ్మ, ఎప్పుడూ లేనంత గట్టిగా, ఇల్లంతా వినబడేలా మాట్లాడింది. "అమ్ములు ఇప్పుడే ఇంటికొచ్చుంటాది. అప్పుడే ఫోన్ చెయ్యొద్దు. కూర్చోని కాపీ తాగనీ."

హాల్లో అనఘ చేతిలో పెన్ను ఆగిపోయింది. ఆయన గది తలుపు తెరుచుకుంది. నా చేతిలో గరిటె ఉంది. అలారం కాబట్టి అది ఆపేదాకా మళ్ళీ మళ్ళీ చెబుతూనే ఉంటుంది. మూడోసారి చెప్పాక ఆయన వచ్చి ఆపారు.

"ఇదెవురికి చెప్తా ఉండాది?" అన్నారు అత్తమ్మ.

"అమ్మ తనకు తాను చెప్పుకున్న మాట అత్తమ్మా. నాకు ఫోన్ చెయ్యకుండా ఉండడానికి."

"ఆమె చెప్పుకుంటే మాత్రం, వినేది మేము గదా? ఎవురో నిన్ను కూర్చోనీకుండా వంచి పని చేపిస్తా ఉన్నట్టు."

నాలుగు గ్లాసుల్లో కాఫీ కలిపాను. నాది ఎప్పటిలా పొయ్యి గట్టు మీదే పెట్టుకుని, నిలబడి తాగాను. కానీ ఆ రోజు నేను నిలబడి తాగడం అందరూ చూశారు. అదే చిక్కు. ఇన్నేళ్ళూ ఎవరూ చూడని విషయం అది.

రాత్రి మంచినీళ్ళకు వచ్చిన మా ఆయన అలారం తీసేశారు. పొద్దున పోపు వేస్తూ, మునివేళ్ళ మీద లేచి, నేను మళ్ళీ పెట్టాను. సాయంత్రం అమ్మ మాట్లాడింది. రాత్రి ఆయన తీసేశారు. పొద్దున నేను పెట్టాను. దీని గురించి ఇద్దరం ఒక్క మాట అనుకోలేదు. సాంబారులో ఉప్పు సరిపోయిందా అని అడుగుతూనే ఉన్నాను, సరిపోయిందని ఆయన చెబుతూనే ఉన్నారు. నాలుగు దాటేసరికి ఇంట్లో అందరి కళ్ళూ గోడ వైపు పోయేవి. అత్తమ్మ టీవీ సౌండు పెంచేవారు. ఆయన గది తలుపు దగ్గరగా వేసుకునేవారు. అయినా వినబడేది.

ఈ మధ్యలో మామగారి తద్దినం దగ్గర పడింది. "రాజీ తేదీ ఎప్పుడో దాంట్లో ఏసి పెట్టరా. పోయినేడు మాదిరి ఆఖర్లో వంటామె కోసం తిరగలేము" అన్నారు అత్తమ్మ కొడుకుతో, నేను అక్కడే చిక్కుడుకాయలు తుంచుతుండగా. మామూలు నెలల్లో ఆ మూడు రోజుల్లోనూ నేనే వండుతాను. "ఈ కాలంలో అదంతా ఎవురు చూస్తారమ్మా" అని ఆవిడే అంటారు. తద్దినానికి మాత్రం ఆ కాలం తిరిగి వస్తుంది. ఆయన నన్ను అడిగి, నేను చెప్పకపోతే తానే గుర్తు తెచ్చుకుని, నెలకు మూడు చొప్పున ఏడాది పొడవునా ఎర్ర చుక్కలు పెట్టేశారు. కిచెన్ రంగే కదా.

మర్నాడు ట్యూషన్ టైము చూసుకోవడానికి వచ్చిన అనఘ ఆ చుక్కల దగ్గర ఆగింది. దానికి పదిహేనేళ్ళు. చాలాసేపు చూసింది. తర్వాత వెనక్కి తిరక్కుండానే, "నాయనమ్మా, నాది కూడా ఇందులో వేస్తారా?" అంది.

అత్తమ్మ నవ్వారు. "నీకిప్పుడే ఏం తొందరే? నీ అత్తగారింట్లో వేస్తార్లే."

ఆయన అక్కడే ఉన్నారు. ఛార్జర్ కనబడటం లేదన్నట్టు వెతుక్కుంటూ బయటికి వెళ్ళిపోయారు. అనఘ నా వైపు చూసింది. బడిలో నలభైమంది పిల్లలు ప్రశ్న అడిగి జవాబు కోసం నన్ను చూస్తారు. అక్కడ ఎప్పుడూ ఏదో ఒకటి చెప్పగలను. అనఘ వెళ్ళిపోయాక చేతిలో పని పక్కన పెట్టి, పీట లాక్కుని, ఎక్కి, ఆ చుక్కలన్నీ ఒక్కొక్కటే చెరిపాను. ఎవరినీ అడగలేదు.

"ఈ ట్యాబ్‌తో పెద్ద రోదన అయిపోయింది" అన్నారు ఆయన ఆ రాత్రి భోజనాల దగ్గర, చెరిపిన సంగతి ఎత్తకుండా. "మీ అమ్మ సామానంతా నిండిపోయి స్లో అయింది. ఆదివారం మొత్తం రీసెట్ కొట్టేస్తా. కొత్తదాని మాదిరి అయిపోతాది."

"ఫోటోలు?" అన్నాను.

"పెన్‌డ్రైవ్‌లో వేసిస్తా."

"గొంతు?"

"అదొక అలారమే గదా రాజీ. నీ ఫోన్‌లోకి మార్చి ఇస్తా. ఇయర్‌ఫోన్ పెట్టుకోని నువ్వు విను. వద్దంటా ఉండానా? ఇల్లంతా వినబడాల్సిన అవసరం ఏముంది?"

ఆయన చెడ్డవారు కారు. ఈ మాట చాలాసార్లు నాకు నేను చెప్పుకున్నాను, ఇప్పుడూ చెబుతున్నాను. ఆస్పత్రిలో అమ్మకు బత్తాయి రసం తీసి ఇచ్చారు. శ్మశానంలో ప్రదీప్ పక్కన నిలబడ్డారు. నా దుఃఖం నాకు ఉండనిస్తారు, చీరల కింద తువ్వాలులో చుట్టి ఉన్నంత కాలం. ఇప్పుడు కూడా పోగొట్టమనలేదు, చెవిలో పెట్టుకోమన్నారు. అమ్మ మాట పోకపోవచ్చు. కానీ ఆ మాట వినవలసినవాళ్ళలో నేను లేను. నన్ను కూర్చోనివ్వమని నా చెవిలోనే చెప్పడం వల్ల ఏం లాభం?

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాయి. నేను హాల్లో పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. ఆయన వంటింట్లో గోడ ముందు నిలబడి నొక్కుతున్నారు. అత్తమ్మ గడప దగ్గర కుర్చీ వేసుకుని చూస్తున్నారు. అనఘ ఫ్రిజ్‌కు ఆనుకుని నిలబడింది.

"రాజీ, పాత పిన్ అడుగుతా ఉండాది. అది కొడితేనే రీసెట్ అవుతాదంట. మీ అమ్మ పిన్ ఏంది?"

నేను ఎర్ర పెన్నుకు మూత పెట్టాను. ఆ నాలుగు అంకెలూ అమ్మ, నేను కలిసి పెట్టుకున్నవి. అవేమిటో ఇక్కడ కూడా రాయను.

"రాజీ! వినపడిందా? తెలీదా నీకు?"

లేచి వంటింటి గడప దాకా వెళ్ళాను.

"తెలుసు. చెప్పను" అన్నాను.

చాలా మామూలుగానే అన్నాను. గొంతు కూడా పెరగలేదు. కానీ ఆ రెండు మాటలు పక్కపక్కన ఆ ఇంట్లో ఎప్పుడూ పడలేదు. తెలుసు అంటే చెప్పడమే, తెలుసు అంటే చెయ్యడమే ఇన్నాళ్ళూ.

"చెప్పవా? ఎందుకు?"

"అది అమ్మది."

"ఏంది చిన్నపిల్ల మాదిరి? ఇంట్లో అందరికీ పనికొచ్చే వస్తువు..."

"ఒకటి ఉంది కదండీ. చాలు."

ఆయన నన్ను చూశారు. నేను చెప్పిన ఆ ఒకటి వస్తువు కాదని, నేనేనని ఆయనకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. అత్తమ్మ "ఏమి మాటలమ్మా అవి, ఆదివారం పూటా" అని మొదలుపెట్టి, కొడుకు మొహం చూసి ఆపేశారు. నేను స్టాండు దగ్గరికి వెళ్ళాను. మునివేళ్ళ మీద లేచినా బిగువు వదలటం లేదు. అనఘ ఫ్రిజ్ దగ్గర్నుంచి కదిలి, పీటను కాలితో నా పక్కకు జరిపింది. ఎక్కి ట్యాబ్ తీశాను. అంచున ఎండిపోయిన కుంకుమ నా బొటనవేలికి అంటింది. మిగిలిన పేపర్లు ముందేసుకుని కూర్చుని దిద్దడం పూర్తి చేశాను. ఆ సాయంత్రం ఆయన నాతో మాట్లాడలేదు. రాత్రి చపాతీలు చేశాను. అదీ నిజమే.

ఇవాళ సోమవారం. బడిలో ఆఖరి పీరియడ్ అయ్యాక బస్సులో నిలబడి వచ్చాను. చెప్పులు విడిచాను. వంటింటి గోడకు ఖాళీ స్టాండు అలాగే ఉంది. లోపల్నుంచి అత్తమ్మ "పాలు కాచి పెట్టుండా" అన్నారు. ఆయన గది తలుపు ఓరగా తెరిచి ఉంది. అనఘ టేబుల్ దగ్గర లెక్కలు చేసుకుంటోంది. నేను వంటింట్లోకి వెళ్ళలేదు. బీరువాలోంచి అమ్మను తీసుకొచ్చి, హాల్లో సోఫాలో, ఆయన కూర్చునే మూల కూర్చున్నాను. తువ్వాలు విప్పి ట్యాబ్‌ను ఒళ్ళో పెట్టుకున్నాను. సౌండు తగ్గించలేదు.

నాలుగున్నర అయింది. "అమ్ములు ఇప్పుడే ఇంటికొచ్చుంటాది" అంది అమ్మ బొంగురు గొంతుతో. "అప్పుడే ఫోన్ చెయ్యొద్దు. కూర్చోని కాపీ తాగనీ."

నేను ఆపలేదు. రెండోసారి చెప్పింది. మూడోసారి చెప్పింది. అత్తమ్మ టీవీ పెట్టలేదు. ఓరగా ఉన్న తలుపు మూసుకోలేదు. నాలుగోసారి చెబుతుండగా వంటింట్లో లైటర్ చప్పుడయింది. గ్యాస్ అంటుకున్న చప్పుడు. గిన్నె ఒకటి గట్టుకు తగిలింది.

ఎవరో చూడడానికి కూడా నేను లేవలేదు.